పలకరాని పట్టు

మొసళ్ల మడుగు ఈది, ముళ్లడవి దాటి, నాలుగో నాటి ఉదయం కేతకీపుర యువరాజు శరభాంకుడు కలస్వనపురం కోట ముందుకు వచ్చేసరికి అతని ఒంటిమీద రాచరికపు ఆనవాలు ఒక్కటీ మిగల్లేదు. తలకు మాసిన పాగా, భుజాన గాజుల మలారం, కాళ్లకు అరిగిన తోలుచెప్పులు, నడుముకు దట్టీ. చూసినవాళ్లు గాజులమ్ముకునే సెట్టి అనుకోవాలే తప్ప మూడు కోటలు లొంగదీసిన వీరుడని కలలో కూడా అనుకోరు. అయితే ఆ నడకలో ఠీవి ఎక్కడికి పోతుంది? మారువేషం ఒంటికి వేయగలం గాని వెన్నెముకకు వేయలేం కదా.

కలస్వనపురం కోటను చూడటానికి రెండు కళ్లు చాలవు. ఏడు ప్రాకారాలు, ఏడింటికీ ఏడు రంగులు. మొదటిది గోరింట ఎరుపు, రెండోది మామిడిపండు పసుపు, అలా లోపలికి పోయే కొద్దీ లేతబడుతూ చివరిది పాలనురుగు తెలుపు. బురుజుల మీద బారులు తీరిన రాతి చిలుకలు. వాటి ముక్కుల్లో అమర్చిన వెదురు గొట్టాల్లో గాలి దూరినప్పుడల్లా కోటంతా సన్నగా పాడుతుంది. అగడ్త నిండా కలువలు. వాటి మధ్య రెక్కలార్చుకునే హంసలు. నట్టనడుమ మాత్రం ధూమగోపురం. ఇన్ని రంగుల మధ్య దానికొక్కదానికే రంగు లేదు, బూడిద.

కోట గుమ్మం తెరిచే ఉంది. లోపల రాతి మనుషులు కనిపిస్తున్నారు. ఒకరిద్దరు కాదు, వీధి పొడవునా ఉన్నారు. అందరికన్నా ముందు, గుమ్మానికి పది అడుగుల్లో, గుర్రం దిగి కళ్లెం ముందుకు చాపిన ఒక రాతి రౌతు. ఆ రౌతు శరభాంకుడి అన్న కువలయాంకుడు.

ఆ దేశపు ఆచారం చెబితే గాని ఈ రాళ్ల సంగతి అర్థం కాదు. కలస్వనపురంలో కొత్త రాజు గద్దెనెక్కితే ప్రజలు ఒక మాట కప్పం కడతారు. దానికి నుడికప్పమని పేరు. ఆ రోజు నుంచి ఆ మాట రాజుగారి సొత్తు, ఇంకెవరూ పలకకూడదు. వెనకటి రాజులు మర్యాద ఎరిగినవాళ్లు. ఒకాయన ఏనుగుకున్న పేర్లలో ఎవరికీ గుర్తులేని పేరొకటి అడిగాడు. ఇంకొకాయన చకోరం అనే మాట తీసుకున్నాడు. ఆ దేశంలో చకోరాలు లేనే లేవు. ఒక రాణిగారైతే అత్తగారు వెక్కిరించే తన ముద్దుపేరునే కప్పంగా పుచ్చుకుని హాయిగా కాలం గడిపింది.

పన్నెండేళ్ల కిందట ధూమ్రజటి అనే మాంత్రికుడు పాత రాజును పామును చేసి, బుట్టలో పెట్టి, గద్దెనెక్కాడు. అన్నం అడుగుతాడో, నీళ్లు అడుగుతాడో, దేవుణ్ణే అడుగుతాడో అని మంత్రులు గజగజలాడారు. అతను కళ్లు సగం మూసి, "పట్టు చాలు నాకు" అన్నాడు. రెండే అక్షరాలు. నుడికప్పాన్ని అక్షరాలు లెక్కపెట్టి తూచడం ఆ మంత్రులకు తాతల నాటి అలవాటు. పోతే పోయిందిలే అని సంతోషంగా రాగిరేకు మీద చెక్కించి ఇచ్చేశారు. వాళ్ల తెలివి తెల్లారినట్టే ఉంది. ఆ రేకుకు ధూమ్రజటి తన మంత్రం జోడించాడు. కోట లోపల ఎవరి నోట ఆ మాట వెలువడితే వాళ్లు అక్కడికక్కడే రాయి.

దీపాలు పెట్టే వేళకు నాలుగు వందల మంది రాళ్లయ్యారు. పిల్లకు పాలు పట్టమన్న అత్త, పిండి పట్టించుకు రమ్మన్న ఇల్లాలు, నుదుటికి పట్టు వేయమన్న వైద్యుడు, నిద్ర పట్టడం లేదన్న ముసలివాడు, ఉడుంపట్టు చూపిస్తానన్న మల్లుడు. మంత్రులలో ముగ్గురు ఆ సంగతి చర్చించుకుంటూనే రాళ్లయ్యారు. కువలయాంకుడు మూడు నెలల కిందట రాయబారిగా వచ్చి, గుమ్మం దాటగానే గుర్రం దిగి, కళ్లెం కావలివాడికి చాపి, "పట్టు" అన్నాడు. అంతే.

పన్నెండేళ్లకొకసారి రాజు ఇంకో మాట అడగవచ్చని ఆచారంలోనే ఉంది. ఆ పన్నెండేళ్లు ఈ రోజుతో నిండుతాయి. సాయంకాలం పొద్దు గుంకే క్షణాన రాగిరేకు మీద రెండో మాట చెక్కుతారు. రెండోది పడిందంటే మొదటిది శాశ్వతం, రాళ్లు రాళ్లుగానే ఉండిపోతాయి. ఈలోగా ఆ రేకును కోట గుమ్మం దాటిస్తే మాత్రం కప్పం చెల్లదు. మాట జనానికి వస్తుంది, రాళ్లకు ప్రాణం వస్తుంది. రేకు ధూమగోపురం శిఖరాన వేలాడుతోంది. శరభాంకుడు వచ్చింది దానికోసమే.

వంతెన మొదట్లో ఒక తాటాకు పందిరి. పందిరి కింద నలభై ఏళ్ల ఆడమనిషి, ముఖాన రూపాయంత కుంకుమ, నడుముకు బిగించిన చెంగు. ఆమె పేరు పేరిందేవి. కోటలోకి పోయే పరదేశులకు నోరు దిద్దడం ఆమె వృత్తి.

"ఎవరు నాయనా నువ్వు?"

"గాజులమ్ముకునేవాణ్ణి అక్కా."

"గాజులవాడి బొటనవేలికి వింటినారి రాసిన కాయ ఉంటుందా? సరే, నీ సంగతి నాకెందుకుగాని, ఇట్టా కూర్చో. రాత్రి ఎక్కడ పడుకున్నావు, నిద్ర బాగా వచ్చిందా?"

"ఏం నిద్ర అక్కా, దోమలు. తెల్లవార్లూ కునుకు పట్టలేదు."

"రాయివి" అంది పేరిందేవి తాపీగా.

శరభాంకుడు నాలుక కరుచుకున్నాడు. "అది కాదక్కా, ఈ ఎండకు ఒళ్లంతా చెమట పట్టి..."

"మళ్లీ రాయివి."

"మాటమాటకూ ఇట్లా తప్పు పడితే..."

"మూడోసారి. ఇప్పటికి మూడు సార్లు పాతిపెట్టాను నిన్ను."

శరభాంకుడికి రోషం వచ్చింది. నలుగురు గురువుల దగ్గర నిఘంటువులు వల్లించిన వాడాయె. "ఒక మాట లేకపోతే వంద పర్యాయపదాలున్నాయి. గ్రహించు, స్వీకరించు, ధరించు, ఆదానం చేయి" అని గడగడా అప్పజెప్పాడు.

"బాగుంది. బెస్తవాడి దగ్గరకు పోయి ఈ రోజు ఎన్ని చేపలు గ్రహించావని అడుగు. ఊరంతా నవ్వుతుంది, సైనికులు వచ్చి నిన్ను స్వీకరిస్తారు. అది చిన్న మాటే నాయనా, కాని ఒకటి కాదు. ప్రతి వాకిట్లో దానికొక పని ఉండేది. మేం పనికొక మాట వెతుక్కున్నాం. పిల్లకు పాలు గుటకేయిస్తాం. పిండి ఆడిస్తాం. చెమట పోస్తుంది, ఇనుము తుప్పెక్కుతుంది, జలుబు చేస్తుంది, గాలి సోకుతుంది. మొండికేసినవాణ్ణి భీష్మించాడంటాం. పాత స్నేహితుణ్ణి దూరం నుంచే పోల్చుకుంటాం. సాలెవాళ్లు పురుగు కాయల దారంతో నేసే చీర కాయనూలు చీర. చెట్టుకొమ్మకుండేది తేనెతుట్టె. గాలిలో వచ్చేదాన్ని ఒడిసో అంటాం. తాడు చేతికిస్తే గుప్పిలించు అంటాం."

"గుప్పిలించడమా? అదెక్కడి మాట?"

"మా వీధిలో పుట్టింది. నీళ్లు చేదే ముసలమ్మ ఒకతె అంది. మర్నాటికి ఊరంతా అంది. తల్లీ తండ్రీ లేని మాటైనా మా దగ్గర పెరిగింది."

 ఒక మాట పోతే ఏడ్చి ఊరుకోకుండా, పోయినచోట వంద మాటలు మొలిపించుకున్న మనుషుల్ని శరభాంకుడు ఇంతవరకూ చూడలేదు. గురువులు చెప్పిన పర్యాయపదాలన్నీ ఒక్కసారిగా ఎండు చితుకుల్లా తోచాయి. అతనిక గాజుల కథ చెప్పలేకపోయాడు. తానెవరో, ఎందుకొచ్చాడో ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

 "రెండో మాట ఏం అడగబోతున్నాడో తెలుసా?" అంది పేరిందేవి.

"తెలియదు."

"అమ్మ. పసిపిల్లలు ముందుగా అనే మాట అదేగా. ఏడాది తిరిగేసరికి ఊళ్లో ఉయ్యాలకొక రాయి ఉంటుంది. నా కూతురికి నెలలు నిండాయి, ఇవాళో రేపో అన్నట్టుంది." ఆమె లేచి చెంగు దులుపుకుంది. "మంత్రగాడి కొత్త పనివాళ్లకు నోరు దిద్దేది నేనే. గోపురం పనిమెట్ల దారి నాకు తెలుసు. పన్నెండేళ్లలో నా దగ్గర నోరు దిద్దించుకున్న వాళ్లలో ఒక్కరూ రాయి కాలేదు. నువ్వు మొదటివాడివి కావద్దు. ముందు నోరు దిద్దుకో, తర్వాత పోదాం."

మధ్యాహ్నం దాకా ఆమె అతని చేత చదివించింది. తిట్టింది, తొడపాశం పెట్టింది, ఉలిక్కిపడేలా నెత్తిన నీళ్లు గుమ్మరించి ఏమంటాడో చూసింది. చివరికి అతని నోరు గాడిలో పడింది. అప్పుడు ఇద్దరూ వంతెన దాటారు. ఇక్కడి నుంచి కథ చెప్పే నేనూ కాస్త నోరు దగ్గర పెట్టుకుంటాను. కోటలోకి వస్తున్నాం కదా.

గుమ్మంలో కావలివాళ్లకొక పరీక్ష ఉంది. కొత్తవాడు సరిగ్గా గడప మీద కాలు పెట్టగానే పైనుంచి నీళ్లకుండ వదులుతారు. తాడు కట్టి ఉంటుంది గనుక నెత్తికి జానెడు ఎత్తున ఆగిపోతుంది. అది కొత్తవాడికి తెలియదు కదా, గుండె గుభేలుమని నోటికొచ్చింది అరుస్తాడు. పేరిందేవి దగ్గర ఆగకుండా వచ్చిన పరదేశుల్లో సగం మంది ఆ అరుపులోనే రాళ్లయ్యారు, వాళ్లను లోపలి వీధికి చేర్చారు. కుండ దూసుకొచ్చింది. శరభాంకుడి నోట "ప" అన్న అక్షరం వచ్చింది. పేరిందేవి ప్రాణాలు పైనే పోయాయి. "పరమేశ్వరా" అని ముగించాడతను.

"భక్తుడే" అన్నాడు కావలివాడు నిరాశగా. "ఏమే పేరిందీ, చుట్టమా?"

"మేనత్త కొడుకు. గాజులు చూస్తావా, నీ పెళ్లానికి?"

"నా పెళ్లానికి గాజులెందుకు, దానికి నోరుంది చాలు" అని వాడు దారి వదిలాడు.

గడప దాటగానే మొదలయ్యే బజారు చూసి శరభాంకుడికి మతిపోయింది. పగడాలు కుప్పలు పోసినట్టు మిరపపళ్లు, ఇంద్రధనుస్సులు ఆరేసినట్టు సాలెవీధి, సాంబ్రాణి పొగల మధ్య గంధపు దుకాణాలు. వాటికంటే ముచ్చటైనవి ఆ జనం నోళ్లు. బెస్తలు వలకు తగిలిందంటున్నారు. తూకందార్లు బరువు లాగిందంటున్నారు. మందులమ్మేవాడు ఈ లేపనం ఒంటికి ఇంకుతుందంటున్నాడు. ఇద్దరు కోడళ్లు మాటకు మాట అందిస్తూ, అప్పటికప్పుడు ఒక కొత్త మాట పుట్టించి, పకపకా నవ్వుకున్నారు. ఆ పక్కనే రాతి మనుషులకు ఎండ తగలకుండా ఎవరో గొడుగులు పాతారు. మెడలో పొద్దుటి పూలే ఉన్నాయి. ఏ ఇంటి రాయికి ఆ ఇంటివాళ్లు రోజూ నీళ్లు పోసి ముఖం తుడుస్తారట. భయంలో ఇంత అందంగా బతకడం వీళ్లకెవరు నేర్పారా అనుకున్నాడు శరభాంకుడు.

గుమ్మం నుంచి పది అడుగులు వేసి అన్న రాతి విగ్రహం దగ్గరకు వచ్చేసరికి అతని కాళ్లు ఆగిపోయాయి. పేరిందేవి కాలు తొక్కింది. అయినా కదల్లేకపోయాడు. చాపిన ఆ చెయ్యి, ఆ చిరునవ్వు అట్లాగే ఉన్నాయి. కంట్లో నీరు తిరిగింది.

"ఏం సెట్టీ, ఈ రౌతు నీకు చుట్టమా?"

మాంత్రికుడి వేగులవాడు. సన్నటి మీసం, పిల్లి కళ్లు. శరభాంకుడు తడుముకోకుండా, "చుట్టమెక్కడిదయ్యా, ఆ చేతిలో కళ్లెం చూసి మా ఇంటి గాడిద గుర్తొచ్చింది" అన్నాడు. వేగులవాడు నవ్వుతూ నవ్వుతూనే మలారం లాగాడు. గాజులు ఘల్లుమని కిందపడ్డాయి. వాటితో పాటు కెంపుల పిడి ఉన్న బాకు కూడా పడింది.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి పట్టే కాలం కూడా జరగడానికి సరిపోలేదు. చూశారా, నా నోరే జారింది. కథకుడికి రాతిగండం లేదు గనుక బతికిపోయాను. బాకు తీసుకుని శరభాంకుడు వేగులవాడి గడ్డం కింద ఒక్కటిచ్చి చేపల బజారులోకి దూకాడు. వెనక ఇరవై మంది సైనికులు. బెస్త ఆడవాళ్లు ఎవరో ఏమిటో అడగలేదు, సైనికులు తరుముతున్న వాడైతే చాలు వాళ్లకు. జారుడు చేపల గంపలు దారిన బోర్లించారు. ముందరి ఐదుగురు నడుములు విరగ్గొట్టుకున్నారు. అతను గోడ దూకి సాలెవీధిలో పడ్డాడు. అక్కడ పొడవాటి తడి కాయనూలు వస్త్రాలు ఆరేసి ఉన్నాయి. ఒక ముసలి సాలెవాడు అతన్ని ఒక గుడ్డలో చుట్టచుట్టి, మగ్గం కింద దొర్లించి, పాట అందుకున్నాడు. సైనికులు అటు పోగానే పేరిందేవి వచ్చి మూట విప్పింది.

"అడ్డదారిలో వచ్చావు, మేలే అయింది" అంది ఆయాసపడుతూ. "ఇదే గోపురం వెనక గోడ."

గోపురం ముందు ముంగిట జనాన్ని అప్పటికే తోలుకొచ్చారు. రెండో కప్పానికి సాక్షులు ఉండాలి కదా. ఇద్దరూ వెనక నుంచి పనిమెట్లు ఎక్కారు. మూడో అంతస్తులో కాటుక మింగిన పిల్లుల్లాంటి కాపలా భూతాలు రెండు నిద్రపోతున్నాయి. పేరిందేవి కాలి మెట్టెలు తీసి కొంగున కట్టుకుంది, ఇద్దరూ వాటిని దాటారు. ఐదో అంతస్తులో గోడంతా కత్తులు. అవి కదిలే లోపు నేల మీద పాకి పోయారు. ఆరో అంతస్తులో ధూమ్రజటి హోమం చేస్తున్నాడు. వాడి జడలు పొగలాగా పైకి లేచి ఆడుతున్నాయి. తలుపు సందులోంచి ఆ దృశ్యం చూసి ఊపిరి బిగించి ముందుకు సాగారు.

ఏడో అంతస్తులో ఒక ఇనప తలుపు, ఒక గవాక్షం, అంతే. పేరిందేవి లోపల గడియ వేసింది. "ఇక్కడి నుంచి మెట్లు లేవు నాయనా. నీ చేతులే మెట్లు."

శరభాంకుడు గవాక్షంలోంచి బయటకు వెళ్లి, గోడ మీది రాతి చిలుకల తలలు మెట్లుగా చేసుకుని పైకి పాకాడు. గాలి ఈడ్చి కొడుతోంది. కింద జనం చీమల్లా ఉన్నారు. శిఖరాన, రాగి గొలుసుకు, తమలపాకుల పళ్లెమంత రేకు. దాని మీద రెండే అక్షరాలు మెరుస్తున్నాయి, కింద చాలా ఖాళీ ఉంది.  బాకుతో గొలుసు తెంపి రేకునూ బాకునూ రొమ్మున దోపుకున్నాడు.

గొలుసు తెగిన చప్పుడు ధూమ్రజటి చెవికి వినబడింది. వాడు లేవలేదు. పక్కనున్న పొడి గుప్పెడు తీసి హోమగుండంలో విసిరాడు. పసుపుపచ్చటి పొగ గవాక్షాలన్నిటి నుంచీ పైకి లేచింది. అది మతిపొగ. పీల్చినవాడికి కళ్లు కనిపిస్తాయి, చెవులు వినిపిస్తాయి, కాని ఏదీ బుర్రకెక్కదు. దిగుతున్న శరభాంకుడి ముక్కులో ఆ పొగ దూరింది. ఎక్కడున్నాడో మరిచిపోయాడు. చేతులు సడలాయి. జరజరా జారి గవాక్షం దాటి కిందికి పోయాడు. ఒక రాతి చిలుక ముక్కుకు నడుము దట్టీ తగులుకుని, గవాక్షానికి మూరెడు కింద, వేలాడాడు. దట్టీ ఒక్కొక్క పోగే తెగుతోంది.

పేరిందేవి కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని, నడుము దాకా బయటకు వంగి, అతని కుడి మణికట్టు దొరకబుచ్చుకుంది. నిండు మగవాడి బరువు. ఆమె వేళ్లు జారుతున్నాయి. అతను తిరిగి వేళ్లు బిగిస్తేనే నిలిచేది.

"అందుకో నాయనా" అంది.

అతను ఆమె ముఖంలోకి చూశాడు. పసివాడు ఆకాశం చూసినట్టు చూశాడు.

"ఒడిసో. నా చేతిని ఒడిసో."

వేళ్లు కదల్లేదు.

"గుప్పిలించు. బాబూ, గుప్పిలించు. చిక్కించుకో."

దట్టీలో సగం తెగింది. తన దగ్గరున్న మాటలన్నీ వేసింది పేరిందేవి. ఊరు పన్నెండేళ్లు పండించిన మాటలన్నీ వేసింది. ఒక్కటీ అతని చేతిని చేరలేదు. అప్పుడామెకు సంగతి తెలిసింది. పొద్దున నేర్చిన మాట చెవి దాకానే వస్తుంది. తల్లి వేలు చాపి మొదటి అడుగు వేయించిన నాడు ఏ మాట అంటుందో, అది బుర్రను అడగకుండానే చేతికి పోతుంది. అలాంటి మాట అతనికి ఒక్కటే ఉంది. వేలమందికి నోరు దిద్దిన మనిషి, నిద్రలో కూడా దాన్ని జారనివ్వని మనిషి, ఒక్కసారి కళ్లు మూసుకుని తెరిచింది.

"పట్టు" అంది.

అరవలేదు. మెల్లగా, లాలించినట్టు అంది. శరభాంకుడి వేళ్లు టక్కున ఆమె మణికట్టు చుట్టూ బిగుసుకున్నాయి.

మొదట ఆమె పెదవులు రాయి అయ్యాయి. తర్వాత చెంపలు, మెడ, భుజం. రాయి చేతి దాకా పాకి, అతని మణికట్టును బిగించిన వేళ్ల కొసల దగ్గర ఆగింది. అదే క్షణాన దట్టీ తెగింది. మాంసపు చెయ్యైతే ఊడి వచ్చేది. రాతి చెయ్యి చెక్కుచెదరలేదు. శరభాంకుడు దాని మీద బరువు మోపి, మోచేత్తో గవాక్షం అంచు దొరికించుకుని, లోపలికి దొర్లాడు. గాలికి మతిపొగ విడిపోయింది. మతి వచ్చింది. ముందు ఆమె ముఖం కనిపించింది, తర్వాత ఏం జరిగిందో అర్థమైంది.

యుద్ధాల్లో తన కోసం ప్రాణాలిచ్చిన వాళ్లను అతను చూశాడు. వాళ్లు ఉద్రేకంలో ఇచ్చారు. ఈమె ముందు తన మాటలన్నీ వెతికి, ఏదీ లేదని తేల్చుకుని, అప్పుడు ఇచ్చింది. "అక్కా" అని ఆ రాతి భుజానికి తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు శరభాంకుడు. సిగ్గుపడలేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడు. ఇనప తలుపు వేడెక్కి ఎర్రబడుతోంది. పడమట పొద్దు జానెడు ఎత్తున ఉంది. అతను లేవబోయాడు. కుడి చెయ్యి రాలేదు. పేరిందేవి రాతి పిడికిలిలో అతని మణికట్టు ఇరుక్కుపోయింది. బాకు పిడితో నాలుగు దెబ్బలు వేస్తే ఆ వేళ్లు విరుగుతాయి. రేపు ఆమెకు ప్రాణం వస్తే ఆ చేతికి వేళ్లుండవు. విరగ్గొట్టాలన్న ఆలోచన ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగానూ పోయింది.

అతను ఎడమ చేత్తో రొమ్మున ఉన్న రేకు తీసి గవాక్షంలోంచి పైకెత్తాడు. ఎండకు అది అగ్గిలా మెరిసింది. ముంగిట్లోని జనమంతా తలలెత్తారు.

"మీ మాట ఇదిగో. కోట దాటించండి" అని కేకవేసి విసిరాడు.

రేకు గిరగిర తిరుగుతూ దిగింది. వందల చేతులు లేచాయి. ఒక్కొక్క నోట ఒక్కొక్క మాట. బెస్తలు వలకు తగిలించమన్నారు, సాలెలు ఒడిసెయ్యమన్నారు, నీళ్లు చేదే ఆడవాళ్లు గుప్పిలించమన్నారు, రాతి మనుషుల గొడుగులు మోసేవాళ్లు అందుకోమన్నారు. ఆ మాటల్లో ఏ రెండూ ఒకటి కాదు, అయినా ఎవరికీ ఏం చేయాలో చెప్పనక్కర్లేదు. రేకు ఒక చేతికి తగిలి, ఇంకో చేతికి ఎగిరి, సైనికుల తలల మీదుగా, గంపల మీదుగా, గుమ్మం వైపు పోతోంది. ఇంత జనాన్ని రెండక్షరాల మాటతో కట్టేయవచ్చని ఆ మాంత్రికుడు ఎలా అనుకున్నాడా అనిపించింది శరభాంకుడికి.

వెనక ఇనప తలుపు కరిగి నేల మీదకు కారింది. పొగ జడలు ముందు లోపలికి వచ్చాయి, వాటి వెనక ధూమ్రజటి. కింద రేకు ఇంకా రెండు వీధుల దూరం పోవాలి. వాడు గవాక్షం దాకా వచ్చి చేయెత్తితే చాలు, ఒక్క మంత్రంతో దాన్ని వెనక్కి రప్పించుకుంటాడు. గవాక్షానికీ వాడికీ మధ్య ఉన్నవి రెండే, ఒక రాతి మనిషి, ఒక మనిషి.

శరభాంకుడు పేరిందేవి చేతిని వదలకుండానే ఇటు తిరిగి, ఎడమ చేత్తో బాకు తీశాడు.